మన్ను కప్పుకున్న ఇల్లు

రాయలసీమలో మా తాతగారిది మట్టి మిద్దె. దూలాలు, వాటిపై దంతెలు, వాటిపై ఒత్తుగా పరచిన కొమ్మలు, ఆపైన మన్ను, అన్నిటికీ మీద చవుడు. మండువేసవిలోనూ లోపల చల్లగా ఉండేది. ఏటా తొలకరికి ముందు ఆయన బండెడు చవుడు తోలించి, మిద్దెపై పరచి, దిమ్మిసతో కొట్టించేవారు. చవుడులోని సోడియం బంకమన్ను రేణువులను విడదీసి, సందులను పూడ్చివేస్తుంది. నీరు కిందికి దిగదు. మిద్దెపై గడ్డిపోచ మొలిచినా ఆయన ఊరుకునేవారు కాదు. వేరు దిగిన చోట వాన దిగుతుందని ఆయన భయం.

చాలా ఏళ్ళ తరువాత మాల్కం వెల్స్ గురించి చదివినప్పుడు ఆ మిద్దె గుర్తుకు వచ్చింది. వెల్స్ (1926–2009) అమెరికా వాస్తుశిల్పి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఆర్‌సీఏ సంస్థ మంటపానికి రూపకల్పన చేసినవాడు. కొద్దికాలంలో కూల్చివేయబోయే కట్టడం కోసం నేలను చంపడమా అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. అప్పటినుండి భూమిలో ఒదిగే ఇళ్ళవైపు మళ్ళాడు. 1970ల ఆరంభంలో న్యూజెర్సీలోని చెర్రీ హిల్‌లో, రహదారి పక్కన, తన కార్యాలయాన్నే అలా కట్టుకుని, పైన మన్ను పరచి మొక్కలను పెరగనిచ్చాడు. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత ఇటువంటి ఇళ్ళపై అమెరికాలో ఆసక్తి పెరిగింది. 1977లో ఆయన పుస్తకం 'అండర్‌గ్రౌండ్ డిజైన్స్' వెలువడింది.

కట్టడాలను తూచడానికి ఆయన అడవినే కొలబద్దగా పెట్టుకున్నాడు. ఈ కట్టడం గాలిని శుభ్రపరుస్తుందా? వాననీటిని దాచుకుంటుందా? పక్షులకూ పురుగులకూ చోటిస్తుందా? తనను తాను బాగు చేసుకుంటుందా? ఇలాంటివే పదిహేను ప్రశ్నలు.

మా తాతగారు పెరికివేసిన గడ్డినే వెల్స్ ఆహ్వానించాడు. తేడా అంతా నీటిని ఆపే పొర ఎక్కడుందన్నదే. మిద్దెకు ఆ పొర పైనున్న చవుడే. కనుక దానిపై ఏదీ మొలవరాదు. వెల్స్ తరహా ఇంటిలో ఆ పొర మన్నుకు అడుగున, గట్టి కప్పుపై ఉంటుంది. కనుక పైమన్ను మొక్కల సొత్తు. అయితే అడుగు మందాన తడిసిన మన్ను చదరపు మీటరుకు 500–600 కిలోలు తూగుతుంది. కప్పు అంత బరువు మోయాలి. చుట్టూ నేల ఇంటినుండి బయటికి వాలి ఉండాలి. గోడల వెనుక నీటికి దారి ఉండాలి. కప్పుపై పైపైన వేరూనే స్థానిక గడ్డి నాటాలి, చెట్లు కాదు.

తాతగారు పోయాక మూడేళ్ళు ఎవరమూ చవుడు వేయలేదు. పట్నంలో ఉద్యోగాలు, తీరికలేమి. నాలుగో ఏడు వానల్లో ఒక రాత్రి వెనుకగది కప్పు కూలింది. అవ్వ ఆ రాత్రి వసారాలో పడుకుంది కనుక బ్రతికింది. మట్టి ఇల్లు నమ్మరానిదని తీర్మానించి, అంతా తీసివేసి కాంక్రీటు స్లాబు వేయించాము. ఇప్పుడు వేసవిలో పగలంతా ఫ్యానుకింద కూర్చున్నా చెమట ఆరదు.

ఆ తీర్మానం తప్పని ఇప్పుడనిపిస్తున్నది. వెల్స్ కొలబద్దతో చూస్తే, తనను తాను బాగు చేసుకోవడమన్న ప్రశ్నలో మా మిద్దె ఓడింది. అది మనిషి చేతిని నమ్ముకున్న ఇల్లు. ఏటా బండెడు చవుడు మాత్రమే అడిగింది. అది కూడా మేము వేయలేదు.

మీ ఊళ్ళో మట్టి మిద్దె ఇంకా నిలిచి ఉంటే, ఈ తొలకరికి ముందు ఒకసారి దానిపైకెక్కి చూడండి.