పేరుకు పాతిన హద్దురాళ్లు

పొలానికి హద్దురాయి పాతడం మీకు కొత్తగాదు. రాయి కాస్త జరిగిందంటే గట్టు తగాదా తప్పదు. మరి ఊరి పేరుకు హద్దురాయి పాతడం ఎప్పుడైనా విన్నారా? ఇటలీ దేశంలో మూడు వందల యేండ్ల క్రిందటనే ఆ పని చేసినారు. ఆ చరిత్ర ఈపూట చెప్పుకుందాం. సరుకు ద్రాక్షసారా అయినా మనకు కావలసిన సంగతి వేరు: ఒక పంట పేరు ఎవరి ఆస్తి అన్నదే ఆ సంగతి.

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఫ్లారెన్సు, సియెనా పట్టణాల నడుమనున్న కొండనేలను కియాంతి అంటారు. పొరలు పొరలుగా ఊడివచ్చే గలెస్త్రో రాయి, గట్టి సున్నపురాయి కలిసిన నేల. ఇట్టి నేల ద్రాక్షకూ, ఆలివు చెట్టుకూ బాగా ఒప్పుతుంది. అక్కడి సారాకు మంచి పేరు వచ్చింది. పేరున్న సరుకు వెనుక దొంగ సరుకు రాక మానుతుందా?

అందుచేత టస్కనీ ప్రభువైన మూడవ కోసిమో దే మెడిచి 1716 సెప్టెంబరు 24వ తేదీన ఒక శాసనం చేశాడు. కియాంతి, పొమీనో, కార్మిన్యానో, ఎగువ ఆర్నో లోయ, ఈ నాలుగు సీమలకూ ఎల్లలు ఎక్కడినుంచి ఎక్కడిదాకానో అందులో వ్రాయించాడు. ఆ హద్దుల వెలుపల పండినదాన్ని ఆ పేర్లతో అమ్మరాదన్నమాట.

తరువాతి శతాబ్దంలో బెత్తీనో రికాసోలీ అనే పెద్ద భూస్వామి వచ్చాడు. ఇటలీకి ప్రధానమంత్రిగా కూడా చేసినవాడు. ఏ రకం ద్రాక్ష ఎందుకు పనికివస్తుందో ఏండ్ల తరబడి పరీక్షించి, 1872లో ఒక ఉత్తరంలో తేల్చి చెప్పాడు. వాసనకూ బలానికీ సాంజొవేసే. దాని కరుకుదనం తగ్గించడానికి కనాయోలో. తొందరగా తాగేదానికైతే కొంచెం తెల్లద్రాక్ష మాల్వాజియా. నిలవ ఉంచేదానిలో మాత్రం ఈ తెల్లద్రాక్ష వద్దన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

పేరుకు గిరాకీ పెరిగేకొద్దీ హద్దు మీద ఒత్తిడి పెరిగింది. 1924లో రాద్దా అనే ఊళ్లో 33 మంది ఉత్పత్తిదారులు కలిసి సంఘం పెట్టుకొన్నారు. నల్ల కోడిపుంజు వారి గుర్తు. అయినా 1932లో ప్రభుత్వం కియాంతి పేరును చుట్టుపట్ల పెద్ద ప్రాంతానికి విస్తరించింది. పాత కొండసీమకు 'క్లాసికో' అన్న తోక మాత్రం మిగిలింది.

ఈ గొడవంతటిలోనూ తోటలో చాకిరీ చేసినవాడెవరు? అధికభాగం సగపాలుకు చేసే రైతే. తోట దొరది, పంటలో సగం రైతుది. పేరు మీద హక్కు మాత్రం దొరదే. అట్టి పాలు ఒప్పందాలు క్రొత్తగా చేసుకోరాదని 1964లో చట్టం వచ్చింది.

అంతకు ముందు సంవత్సరం, అంటే 1963లో, దేశమంతటికీ వర్తించే పేర్ల రక్షణ చట్టం చేసినారు. 1967లో కియాంతికి నిబంధనలు వచ్చాయి. చూడండి విచిత్రం! తెల్లద్రాక్ష తప్పక కలపవలసిందే అని అందులో వ్రాసినారు. నిలవ సరుకులో వద్దని రికాసోలీ చెప్పినదాన్నే చట్టం బలవంతపెట్టింది. విసిగిపోయిన కొందరు పేరునే వదులుకొని, మేలైన సరుకును మామూలు సారా అనే చీటీతో అమ్మినారు. కొన్న వాళ్లు నాణ్యం చూసి ఎక్కువ ధరే ఇచ్చినారు. ఆఖరుకు చట్టమే దారికి వచ్చింది. 1996లో క్లాసికోకు వేరే నిబంధనలు ఏర్పడినవి. నేడు అందులో సాంజొవేసే నూటికి 80 పాళ్లకు తక్కువ ఉండరాదు. 2006 పంట నుంచి తెల్లద్రాక్ష నిషిద్ధం.

దీనివల్ల తెలిసేదేమంటే, హద్దు విస్తరిస్తే పేరు పలచబడుతుంది. నిబంధన తప్పైతే పేరున్నా నాణ్యం దక్కదు.

మనకూ ఇట్టి చట్టమున్నది. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉన్నది. గుంటూరు సన్న మిరప, బనగానపల్లె మామిడి, తాండూరు కంది దానికింద నమోదైనవి. అయితే పేరు నమోదైనంత మాత్రాన రైతు పని తీరిపోదు. పండించేవాడు తాను కూడా అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ నమోదును పదేండ్లకొకసారి తిరిగి చేయించుకోవాలి. విస్తరణ సిబ్బంది ఈ విషయం ఊరూరా చెప్పి, దరఖాస్తు నింపడంలో రైతుకు తోడ్పడితే ఎంతో మేలు. పేరుకు రాయి పాతినారు సరే, గట్టు కాయవలసినవారు మీరే.