ఎయిర్ ఫిల్టర్ (స్పోర్ట్స్ కార్లు)
పెట్రోలు ఇంజన్‌లో కిలో ఇంధనం పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఆ గాలితో వచ్చే దుమ్ము సిలిండర్ గోడలను అరగదీయకుండా ఆపేది ఎయిర్ ఫిల్టర్.

మాజ్దా ఎంఎక్స్-5 వంటి కార్ల యజమానులు ఫిల్టర్ మార్చేటప్పుడు కాగితమా, నూనె పట్టించిన నూలు గుడ్డా అని తర్జనభర్జన పడుతుంటారు. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కె అండ్ ఎన్ సంస్థ రెండో రకానికి పేరు తెచ్చింది. దాన్ని కడిగి మళ్లీ వాడుకోవచ్చు, గాలీ ధారాళంగా పారుతుంది. సన్నని ధూళిని పట్టడంలో మాత్రం సాధారణంగా మంచి కాగితానిదే పైచేయి. పైగా నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సర్‌కు అంటి, లెక్క తప్పిస్తుంది.

ఫిల్టర్ ఉండే పెట్టె తీసేసి బిగించే కోన్ ఫిల్టర్లు చప్పుడైతే ఘనంగా చేస్తాయి. బానెట్ కింది వేడిగాలిని పీల్చితే శక్తి తగ్గవచ్చు కూడా.