గాలి చీల్చిన రంగులు, గాజు కలిపిన గ్రహం

పొద్దుగూకాక అనంతపురంలో పడమటి దిక్కుకు టెలిస్కోపు తిప్పి బుధుణ్ణి పట్టుకున్నారనుకోండి. ఒక అంచున ఎరుపు, ఎదుటి అంచున నీలం పూసుకుని వణికే మచ్చ ఒకటి కనబడుతుంది. మొదట అద్దాన్నే అనుమానిస్తాం. నిజానికి ఆ రంగులు గాలి చేసిన పని.

దిగంతానికి దగ్గరగా ఉన్న గ్రహం వెలుగు చాలా మందమైన గాలిపొరను దాటి రావాలి. పది డిగ్రీల ఎత్తులో ఆ దారి నడినెత్తిన ఉన్నప్పటికంటే అయిదున్నర రెట్లు ఎక్కువ. గాలి నీలాన్ని ఎరుపుకంటే కాస్త ఎక్కువగా వంచుతుంది కాబట్టి ఒకే గ్రహం రంగురంగుల బింబాలుగా విడిపోతుంది. 15 డిగ్రీల ఎత్తులో ఊదా నుంచి ఎరుపు దాకా ఈ చీలిక సుమారు 5 ఆర్క్ సెకన్లు. ఒక ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు. సాయంత్రం బాగా కనబడే రోజుల్లో బుధుడి బింబమే దాదాపు 7 ఆర్క్ సెకన్లు. వివరాలన్నీ చెరిగిపోవడానికి ఆ చీలిక చాలు.

దీనికి మందు ఇంగ్లండులో దొరికింది. గ్రీనిచ్ వేధశాల అధిపతి జార్జ్ బిడెల్ ఎయిరీ అప్పట్లో 1874 డిసెంబరు 9న జరగబోయే శుక్ర సంక్రమణానికి బ్రిటిష్ బృందాలను సిద్ధం చేస్తున్నాడు. సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లచుక్కలా సాగే ఆ ఘట్టంతో సూర్యుడి దూరం తేల్చాలని ఆశ. శుక్రుడు బింబం అంచును తాకే క్షణాన్ని భూమికి రెండు కొసల నుంచి గుర్తించి పోల్చే పద్ధతి ఒకటి ఉంది. సూర్యుడు దిగంతం దగ్గరున్న చోట్లే ఆ క్షణాల తేడా బాగా తెలుస్తుంది, గాలి అల్లరి కూడా అక్కడే ఎక్కువ. ఆ సన్నాహాల కాలంలోనే, 1869లో, ఎయిరీ ఒక చిన్న వ్యాసం రాశాడు: గాలి ఒకవైపు విడదీసిన రంగులను పలచటి గాజు పట్టకంతో ఎదురువైపు విడదీస్తే అవి మళ్లీ ఒక్కటవుతాయి.

ఆ సంక్రమణాన్ని తెలుగునేల మీదా చూశారు. గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో నెలకొల్పిన ప్రైవేటు వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపేవారు. ఆ ఉదయం సూర్యుడు పైకొచ్చిన సుమారు గంటకే శుక్రుడు బింబాన్ని తాకాడు. నరసింగరావు పరిశీలన లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఎయిరీ చెప్పిన ఒకే పట్టకంతో చిక్కేమిటంటే, అది ఒక ఎత్తుకే సరిపోతుంది. గ్రహమేమో కదులుతూనే ఉంటుంది. రెండు పట్టకాలను ఎదురెదురు దిశల్లో తిప్పితే దిద్దుబాటు సున్నా నుంచి రెట్టింపు దాకా మారుతుంది. నేటి పెరటి పరిశీలకులు ఐపీసుకు లేదా కెమెరాకు ముందు బిగించే చిన్న డబ్బీలో ఉన్నవి ఈ రెండు పట్టకాలే. దాని రెండు మీటలను దిగంతానికి సమాంతరంగా పెట్టి, అంచుల రంగు పోయేదాకా మెల్లగా విడదీయాలి. బింబాన్ని పెంచే బార్లో లెన్స్ తర్వాత అమర్చితే పట్టకాలు బింబాన్ని పాడుచేయవు.

ఈ డబ్బీ గాలి వణుకును మాత్రం ఆపలేదు. అనంతపురం బండలూ మిద్దెలూ పగలంతా మింగిన ఎండను రాత్రి కక్కుతాయి. అందుకే మిద్దె కంటే మట్టినేల మేలు, సాయంత్రం కంటే తెల్లవారుజాము మేలు.

2019లో దక్షిణానికి బాగా దిగిన గురుడు లండన్‌లో సుమారు 16 డిగ్రీలకు మించి లేవలేదు. అనంతపురంలో 53 డిగ్రీలకు ఎక్కాడు. అక్కడి వాళ్లకు ఏళ్ల తరబడి తప్పని అవస్థ, మనకు రెండు మూడు గంటలు ఓపిక పడితే తీరుతుంది. గురుడికీ శనికీ ఆ ఓపికే ముందు మందు. సూర్యుణ్ణి విడిచి దూరం పోని బుధుడి కోసమైతే మాత్రం ఆ డబ్బీ కొనడం దండగ కాదు.