హోసూరు గోడ మీద కందిరీగ

1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మా హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ గీతలు మనుషులకే గానీ గోడ మీద గూడు కట్టే పురుగుకి లేవు కదా! మా ఇంట్లో అది కందిరీగ, తమిళ పక్కింట్లో కుళవి, కన్నడంవాళ్ళకి కణజ. కన్నడంలో కణజ అంటే గాదె కూడా. పాత నిఘంటువుల్లోని కణుదురు, కన్నడ కడజ, తమిళ కడందై నా చెవికి చుట్టాల్లాగే వినిపిస్తాయి. కుళవి మాత్రం వేరే ఇంటి పిల్ల.

అసలు కందిరీగ ఒక్కటి కాదండీ. గూడు చూస్తే తెలిసిపోతుంది. పుల్లను నమిలి, ఎంగిలితో కాగితంలా చేసి, సన్నని కాడకి ఆరు మూలల గదులు వేలాడదీసేది గుంపుది. దాని జోలికి పోకండి. తడిమట్టితో గోడకి గొట్టాలు అతికేది ఒంటరిది. నడుము దారమంత. గొట్టాల్లో సాలీళ్ళను దాస్తుంది. బుల్లి కుండలాంటి గూడు కట్టేది గొంగళిపురుగుల్ని తెస్తుంది. ఝుమ్మని ఊది పురుగును తనలా మార్చుకుంటుందని మనవాళ్ళు భ్రమరకీటన్యాయం చెప్పారు గానీ, అది కుట్టి కదలకుండా చేసి పిల్లకి దాచిన కూడు.

మరాఠీలో మట్టిగూడు దాన్ని కుంభారీణ్, అంటే కుమ్మరామె, అంటారు. మా మనవరాలికి అన్నీ ‘వాస్ప్’లే. షోలాపూరు, బరంపురం తెలుగిళ్ళల్లో ఏమంటారో, చెప్పే పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి.