లింగాకర్షక బుట్ట

లింగాకర్షక బుట్ట పంటకు చేటు చేసే పురుగుల రాకను ముందుగా కనిపెట్టే సాధనం. ఆడ రెక్కల పురుగు జత కోసం విడిచే వాసనను ప్రయోగశాలలో తయారుచేసి, ఎరగా బుట్టలో అమరుస్తారు. ఆ వాసనకు వచ్చిన మగ పురుగులు కింద కట్టిన ప్లాస్టిక్ సంచిలో చిక్కుతాయి. వాటి లెక్కను బట్టి పురుగు ఉధృతి ఎప్పుడు పెరుగుతుందో, మందు పిచికారీ అవసరమో కాదో రైతు తేల్చుకోవచ్చు.

చరిత్ర

1959లో జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం సుమారు 5 లక్షల పట్టుపురుగుల నుంచి 'బాంబికాల్' అనే ఆకర్షక రసాయనాన్ని వేరుచేసింది. ఇటువంటి పదార్థాలకు ఫెరోమోన్ అనే పేరు పెట్టిందీ ఆ ఏడాదే. 1971లో అమెరికాలో వెండెల్ రోలోఫ్స్ బృందం ఆపిల్ కాయతొలుచు పురుగు ఫెరోమోన్‌ను గుర్తించింది. దాంతో పండ్ల తోటల నిఘాకు గట్టి పునాది పడింది.

తెలుగు నేలపై

హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, కంది, శనగలను తొలిచే శనగపచ్చ పురుగుపై 1980ల నుంచి ఈ బుట్టలతో నిఘా పెట్టింది. 1987-88లో ఆ పురుగే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని దెబ్బతీసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగని పురుగు రైతులను అప్పుల పాలు చేసింది. అదను తెలియకుండా మందు కొట్టడం ఎంత ప్రమాదమో ఆ విషాదం చాటింది.

పండ్ల తోటల్లో

మామిడికి పెద్ద బెడద పండు ఈగ. దీని మగ ఈగలను బుట్టలోకి ఆకర్షించేది మిథైల్ యూజినాల్ అనే రసాయనం. ఆ గుణాన్ని బీహార్‌లోని పూసాలో పనిచేసిన ఎఫ్.ఎం. హౌలెట్ 1915లో వెల్లడించాడు. పండు ఈగల కారణంగా 2014 మేలో ఐరోపా సమాఖ్య భారత మామిడి దిగుమతిని ఆపి, 2015లో నిషేధం ఎత్తివేసింది.

బత్తాయి తోటల్లో రాత్రివేళ కాయల రసం పీల్చే రెక్కల పురుగును అదుపు చేసే దారి వేరు. దాని లద్దె పురుగులు తిప్పతీగ, దూసరితీగలపై పెరుగుతాయి. గట్ల మీది ఆ తీగలను పీకేయడం, రాలిన కాయలను ఏరివేయడం, బెల్లం కలిపిన విషపు ఎరలు పెట్టడం అక్కడ ముఖ్యం.

పరిమితులు

ఒక ఎర సాధారణంగా ఒక జాతి మగ పురుగులనే రప్పిస్తుంది. ఎర పాతబడితే వాసన తగ్గి లెక్క తప్పుతుంది. అందుకే గడువు ప్రకారం ఎర మార్చి, బుట్ట లెక్కతో పాటు కాయలనూ పరిశీలించిన రైతుకే దీని పూర్తి ప్రయోజనం దక్కుతుంది.