కాకినాడ ప్రయోగం (1964): శిక్షణ కార్యశాల శక్తి – పరిమితులు

వ్యాససంగ్రహం:
వృత్తి, వ్యాపార రంగాల్లోని వారికి నిర్వహించే శిక్షణ కార్యశాలల చరిత్రలో 1964 నాటి కాకినాడ ప్రయోగానికి విశిష్ట స్థానం ఉంది. తగిన శిక్షణ ఇస్తే ఎవరినైనా వ్యవస్థాపకులుగా మలచవచ్చుననడానికి దీనిని నిదర్శనంగా చూపడం వాణిజ్యశాస్త్ర బోధనలో పరిపాటి. ప్రయోగ ఫలితాలు అంత విస్తృతమైన నిర్ధారణకు ఆధారం కావని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాకినాడ, సాధనా ప్రేరణ, మెక్‌క్లెలాండ్, కార్యశాల, వ్యవస్థాపకత.

1. నేపథ్యం:
ఆర్థికాభివృద్ధికి సాధనా ప్రేరణ ఒక ముఖ్యకారణమని అమెరికన్ మనోవిజ్ఞానవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1961లో 'ది అచీవింగ్ సొసైటీ' గ్రంథంలో ప్రతిపాదించాడు. ఈ ప్రేరణకు బాల్యంలోనే పునాది పడుతుందన్న భావన అప్పట్లో బలంగా ఉండేది. వయోజనులలో దీనిని పెంపొందించడం సాధ్యమా అన్న ప్రశ్నకు సమాధానం వెదకడానికి కాకినాడ ఎంపికైంది. అక్కడి వ్యాపార, పారిశ్రామిక వర్గాలకు చెందిన 52 మంది, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ (సియెట్)కు బృందాలుగా వచ్చి శిక్షణ పొందారు. ఫలితాలను పోల్చి చూడడానికి రాజమండ్రిని ఎంచుకున్నారు.

2. నిర్వహణ పద్ధతి:
ఈ కార్యశాలలో ఉపన్యాసం కంటే స్వానుభవానికి ప్రాధాన్యం ఎక్కువ. అభ్యర్థులు బొమ్మలు చూసి కథలు రాశారు. తమ కథలలో సాధనా ప్రేరణ ఏ మేరకు వ్యక్తమైందో తామే గుర్తించడం నేర్చుకున్నారు. రింగులు విసిరే ఆటలో ఎంత దూరం నుంచి విసరాలో ఆడేవారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గరగా నిలబడితే గెలుపుకు విలువ లేదు. మరీ దూరంగా నిలబడితే గెలుపు అదృష్టం మీద ఆధారపడుతుంది. కష్టసాధ్యమైనా అసాధ్యం కాని లక్ష్యాన్ని ఎంచుకోవడమే ఈ ఆట నేర్పే పాఠం. ఫలాపేక్ష కూడదనే గీతాబోధకూ, లక్ష్యసాధనకూ మధ్య కనిపించే వైరుధ్యం కూడా ఇలాంటి శిక్షణలలో చర్చకు వచ్చింది. బోధకుడు తీర్పరి స్థానం నుంచి తప్పుకొని, అభ్యర్థి తనను తాను పరిశీలించుకునే అవకాశం కల్పించడం ఈ పద్ధతిలోని ప్రధాన విశేషం.

3. ఫలితాలు – వ్యాఖ్యానం:
మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో 'మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్' గ్రంథంలో ఫలితాలను ప్రకటించారు. శిక్షణ పొందినవారిలో వ్యాపార చొరవ, కొత్త పెట్టుబడులు పెరిగినట్లు తేలింది. సంప్రదాయ విశ్వాసాలు దీనికి అవరోధం కాలేదు. అయితే తమ సంస్థపై నిర్ణయాధికారం ఉన్నవారిలోనే ఈ మార్పు ప్రధానంగా కనిపించింది. పైగా అభ్యర్థులు అప్పటికే వ్యాపార, పారిశ్రామిక రంగాల్లో ఉన్నవారు. వ్యాపారంతో సంబంధమే లేనివారిని వ్యవస్థాపకులుగా మార్చగలమా అన్నది ఈ ప్రయోగం పరీక్షించిన విషయం కాదు.

4. ముగింపు:
కాకినాడ ప్రయోగం కార్యశాల శక్తిని నిరూపించింది. ఆ శక్తి ఫలించడానికి అవసరమైన పరిస్థితులను కూడా సూచించింది. నేర్చుకున్నదానిని ఆచరణలో పెట్టే అధికారం లేని ఉద్యోగికి శిక్షణ ఇచ్చి, మార్పు రాలేదని అతనినే తప్పుపట్టడం న్యాయం కాదు. శిక్షణను మూల్యాంకనం చేసేటప్పుడు అభ్యర్థి ప్రేరణతో పాటు, అతని పనిచోట అతనికున్న స్వేచ్ఛను కూడా పరిగణనలోకి తీసుకోవాలి. కాకినాడ ఉదాహరణను బోధించేటప్పుడు ఈ రెండవ అంశాన్ని విస్మరించరాదు.