సారా మయ్యత్

మయ్యత్‌ను ఆలస్యం చేయకుండా దఫన్ చేయాలంటారు మన ఇళ్లలో. సారా బార్ట్‌మన్‌కు మట్టి దక్కడానికి 186 ఏళ్లు పట్టింది.

ఆమె దక్షిణాఫ్రికా ఖోయ్‌ఖోయ్ ఔరత్. 1810లో లండన్ తీసుకెళ్లి, ఆమె జిస్మ్‌ను టికెట్ పెట్టి చూపించారు. ఇది గులామీ అని కొందరు అదాలత్‌కెక్కారు. తన రజామందీతోనే ఉన్నానని ఆమె చెప్పిందంటూ కేసు కొట్టేశారు. మాలిక్ గుప్పిట్లో ఉన్న గరీబు మనిషి రజామందీ ఏపాటిది?

1815 డిసెంబరులో పారిస్‌లో ఇంతెఖాల్ అయింది. తమాషా నడిపినవాళ్లకంటే పెద్ద జాలిమ్, నా లెక్కలో, సైంటిస్టు కువియే. ఇల్మ్ పేరుతో ఆమెను కోసి, మెదడును జాడీలో పెట్టాడు. అస్థిపంజరం 1970ల దాకా మ్యూజియంలో నుమాయిష్‌కు నిలబడింది. 1994లో మండేలా అడిగారు. ఫ్రాన్స్ కానూన్ చేసి మరీ ఇచ్చింది, ఎనిమిదేళ్లకు.

2002 ఆగస్టు 9న, తన వతన్‌లో, హాంకీ ఊరి దగ్గర దఫన్ చేశారు.